చూపులక్క గది

ఆ కార్యాలయంలో మెట్ల కింద ఒక గది ఉండేది. గది అనడం మర్యాద కోసం. ఒకప్పుడు చీపుళ్లూ, కాళ్లు విరిగిన కుర్చీలూ పడేసే చోటది. కాస్త పొడుగైన మనిషి నిటారుగా నిలబడితే మెట్ల వాలు నడినెత్తికి తగిలేది. ఉన్న ఒక్క కిటికీ అద్దానికీ బయటి చూపు పడకుండా ఆకుపచ్చ రంగు దట్టంగా పూశారు. పైన తిరిగే చిన్న పంకా గాలి కన్నా చప్పుడే ఎక్కువ చేసేది. రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకు అరచేతంత అద్దం, తలుపుకు లోపలి వైపున ఇనుప గడియ. ఇంతే ఆ గది సంపద.

ఆ గదిలో కూర్చునే ఆమెను అందరూ చూపులక్క అని పిలిచేవారు. జనన పత్రాలకో, ఇంటి కాగితాలకో, పింఛనుకో అక్కడికి వచ్చిన ప్రతి మనిషి ముఖాన్నీ గుర్తింపు కార్డు మీది బొమ్మతో సరిచూశాకే లోపలికి పంపాలన్నది నిబంధన. ముఖం కప్పుకుని వచ్చే ముస్లిం స్త్రీలను మగ గుమస్తాల ఎదుట ముసుగు తీయమని అడగడం బాగుండదని, అదే పద్ధతిలో ముసుగు వేసుకునే ఒక స్త్రీని నియమించి, ఆ మెట్ల కింద చోటు చూపించారు. వచ్చినామె లోపలికి వెళ్తుంది. గడియ పడుతుంది. ముసుగు లేస్తుంది. చూపులక్క ముఖాన్నీ కార్డునూ చూసి చీటీ మీద ముద్ర వేస్తుంది. వచ్చినామె గోడ అద్దంలో చూసుకుని ముసుగు సర్దుకుని హాల్లోకి పోతుంది. "రోజుకు ఇన్నేసి పెళ్లిచూపులు చూసే మనిషి ఈ లోకంలో ఇంకెవరున్నారు?" అని గేటు కాపలాదారు ఒకనాడు సరదాకు అన్న మాట ఆమెకు పేరై కూర్చుంది.

ఆ పనిలో ఆమె తనంతట తాను పెట్టుకున్న నియమం ఒకటుంది. కొత్తగా చేరిన రోజున, పెళ్లై ఎన్నాళ్లూ కాని ఒక పిల్ల వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ముసుగు మీద వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది, లేవడం లేదు. ఆ చెయ్యి చూస్తే చూపులక్కకు తన మీదే సిగ్గు వేసింది. తన ముఖం దాచుకుని ఎదుటివారి ముఖం అడగడం తలుపు సందులోంచి తొంగిచూడటం లాంటిదనిపించింది. ముందు తన ముసుగు తాను ఎత్తింది. ఆ పిల్ల రెప్పవేయకుండా చూసి, చప్పున తనదీ ఎత్తి, ఫక్కున నవ్వింది. ఆనాటి నుంచి అదే వరస: ముందు తనది, తరువాత వారిది. ఏళ్లు గడిచేసరికి ఆ పని ఆలోచనలోంచి జారి చేతికే అలవాటైపోయింది. ఎదుట ఒక స్త్రీ ముసుగు అంచు పట్టుకున్నదంటే చాలు, చూపులక్క కుడిచెయ్యి అంతకు ముందే తన ముఖం దగ్గర ఉండేది.

పూర్వకవులు స్త్రీ ముఖం మాట వస్తే చాలు, చంద్రుణ్ణి పిలుస్తారు, తామరపువ్వును పిలుస్తారు. ఆ గదిలోకి చంద్రుడూ రాలేదు, తామరా రాలేదు. నిద్రలేక ఉబ్బిన రెప్పలు వచ్చాయి. పంటి పోటుతో వాచిన దవడలు వచ్చాయి. పొద్దున ఎవరి మీదో కోపంతో బిగుసుకుని, ఇంకా సడలని పెదవులు వచ్చాయి. గడియ పడి ముసుగు లేచిన ఆ ఒక్క క్షణంలో ముఖానికి వేషం కట్టుకునే వ్యవధి ఉండదు; ఉన్నదేదో ఉన్నట్టే బయటపడుతుంది. సృష్టికర్త ఏ ముఖాన్నీ అచ్చులో పోయలేదనీ, ప్రతి ముఖం దగ్గరా కాసేపు ఆగే పని చేశాడనీ ఆమె నమ్మకం. ముద్ర వేసే ముందు ప్రతిసారీ మనసులో ఆయన పేరు తలుచుకునేది.

ఇందరి ముఖాలు ఎరిగిన మనిషికి వీధిలో మాత్రం ఒక్కరూ తెలిసేవారు కారు. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఎదురుగా నల్లని ముసుగులు వస్తూనే ఉండేవి. పొద్దున తన ఎదుట కూర్చుని కూతురి కాపురం గురించి కన్నీళ్లు పెట్టుకున్నామె వారిలో ఎవరో ఆమెకు అంతుపట్టేది కాదు. వారికీ ఈమె ఎవరో తెలిసేది కాదు. ఒక గుడ్డ ఒక గుడ్డను దాటి పోయేది. ఆ మెట్ల కింద చీకటి కొట్లో తప్ప ఆమెకు లోకంతో ముఖాముఖి లేదు.

ముసుగు ఆమెకు పెళ్లితో పాటు వచ్చింది. పుట్టింట్లో తల మీద వస్త్రం మాత్రమే. అత్తింట్లో ముఖం మీదికీ దిగింది. మొదటి ఏడు ఊపిరాడలేదు. తరువాత అలవాటైంది. మరికొన్నాళ్లకు అలవాటన్న మాట కూడా దానికి చాలలేదు. మంచిరోజుల్లో అది తనకూ దైవానికీ మధ్య ఉన్న ఒక రహస్యమైన ఒడంబడికలా తోచేది. చెడ్డరోజుల్లో ఎవరో తన మీద ఆరవేసి మరిచిపోయిన బట్టలా తోచేది. రెండింటిలో ఏది నిజమని ఎవరూ అడగలేదు. ఆమె తేల్చుకోనూ లేదు.

భర్త కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీసే మనిషి. ఎదుటివారికి స్పష్టంగా కనిపించేలా చేయడం వృత్తి. తను మాత్రం ఏ విషయమూ స్పష్టంగా చెప్పడు. ఇల్లు అతని అన్నగారిది. కింద అన్నగారి సంసారం, మేడ మీద ఒక్క గదిలో వీళ్లిద్దరు. పిల్లలు లేరు. ఆ అన్నగారు, అంటే ఆమెకు బావగారు, అత్తరు వ్యాపారి. దానం చేస్తాడు, ప్రార్థన తప్పడు, మాటకు నిలబడతాడు. భర్త అన్నగారు పరాయి పురుషుడి కిందే లెక్క గనుక ఆయన ఎదుట ఆమె ఇంట్లో కూడా ముసుగు వేసుకోవలసిందే. ఆయన ఆమెతో నేరుగా మాట్లాడడు. ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నా, చెప్పవలసింది తమ్ముడికి చెబుతాడు. తమ్ముడు అదే మాటను అదే గదిలో ఆమెకు మళ్లీ చెబుతాడు.

ఉద్యోగం మాట వచ్చిననాడు బావగారు చాలాసేపు ఆలోచించి, "తమ్ముడూ, ఇది ఉద్యోగం కాదు, సేవ. మన ఆడవాళ్ల ముఖం పరాయివాడి కంట పడకుండా కాపాడే పని. లోపల గడియ ఉంటుందన్నారు కదా? వెళ్లమను," అన్నాడు. అంగట్లో నలుగురితో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. అలా ఆ ఇనుప గడియ పుణ్యమా అని ఆమెకు వీధి దొరికింది, మనుషులు దొరికారు. ఆ గది పోయిననాడు తనకు మేడ మీది గది ఒక్కటే మిగులుతుందని ఆమెకు బాగా తెలుసు. అందుకే పంకా మొరాయించినా, చెమటలు కారినా, ఒక్కనాడూ పైవాళ్లకు ఫిర్యాదు చేయలేదు.

గదికి వచ్చేవారిలో ఆమెకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఒక ముసలమ్మ. బట్టల మిల్లులో ఏళ్ల తరబడి నూలు చుట్టి పింఛను పుచ్చుకుంటున్నది. ఏటా ఒకసారి స్వయంగా వచ్చి, ముఖం చూపి, తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. కాపలాదారు ఆమెకు బతికున్నమ్మ అని పేరు పెట్టాడు. అయితే ఆమె ఏడాది తిరిగేదాకా ఆగేది కాదు. అటు వెళ్తూ కాళ్లు నొప్పి పుడితే చాలు, వచ్చి గడియ పెట్టి కూర్చునేది.

"చూడు పిల్లా, ఉన్నానా పోయానా?"

"ఉన్నారు అమ్మమ్మా."

"గట్టిగా చూసి చెప్పు. మా కోడలికి అనుమానంగా ఉంది."

ఇద్దరి ముసుగులూ పైకెత్తే ఉండేవి. నవ్వితే ముసలమ్మకు ఒక్క పన్ను కనిపించేది.

"మా ఆయన పెళ్లికి ముందు నా మొహం ఒక్కసారి కూడా చూడలేదే తల్లీ. గవర్నమెంటేమో ఏటా చూస్తానంటుంది. ఎవరికి నా మీద ప్రేమెక్కువో నువ్వే చెప్పు!"

ఇలా ఉండగా ప్రభుత్వ భవనాల్లో ఎవరూ ముఖం కప్పుకోరాదన్న కొత్త నిబంధన వచ్చింది. వచ్చేనెల మొదటి తారీఖు నుంచి అమలు. అధికారి ఆమెను తన గదికి పిలిపించాడు. ఆయన మర్యాదస్తుడు, బల్ల మీద కలాలన్నీ ఒకే వరుసలో ఉంటే గాని మాట మొదలుపెట్టడు.

"కూర్చోండమ్మా. మీకొక శుభవార్త. మిమ్మల్ని ఇన్నేళ్లు ఆ చీకటి కొట్లో కూర్చోబెట్టినందుకు నాకే సిగ్గుగా ఉంది. ఇక ఆ బాధ లేదు. హాల్లో మొదటి బల్ల మీకే. కిటికీ పక్కన."

"మరి ముసుగు సార్?"

"అదే కదమ్మా శుభవార్త!"

ఆయన వెటకారం ఆడటం లేదు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"తీయలేమన్నవాళ్లని ఏం చేయాలి సార్?"

"మొదటిరోజే కష్టం. మీరు తీసి కూర్చుంటే మిమ్మల్ని చూసి వాళ్లూ తీస్తారు. నలుగురూ తిరిగే చోట ఒకరి ముఖం ఒకరికి కనబడకపోతే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందమ్మా? ముఖాలు కనబడే చోటే మనుషులు సమానం. నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట చెబుతున్నా."

ఆ మాటలో ఆమెకు అబద్ధం కనబడలేదు. తన గదిలో ఇన్నేళ్లుగా జరిగింది కూడా అదే, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం. కాని అక్కడ అందుకు ముందు గడియ వేసుకునేవారు. ఆ సంగతి ఈయనకు ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

బయటికి వస్తుంటే, వీధి దుమ్ముకు ముక్కూ నోరూ రుమాలుతో బిగించి కట్టుకున్న కాపలాదారు గొంతు తగ్గించి, "అక్కా, దుమ్ముకి కడితే రుమాలంట, దేవుడి కోసం కడితే నేరమంట. నా బుర్రకైతే ఎక్కలేదు. రేపట్నుంచి నన్ను కూడా విప్పమంటారేమో, ఈ మీసం చూసి జనం పారిపోతారు," అన్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది. ముసుగులో నవ్వు గనుక అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది. బావగారు చేతి వేళ్ల అత్తరు తుడుచుకుంటూ గోడ వైపు చూసి అన్నాడు:

"తమ్ముడూ, చెప్పు. గది ఉంటే ఉద్యోగం ఉంది. గది లేకపోతే ఉద్యోగం లేదు. ఇందులో తలబద్దలు కొట్టుకునేదేముంది?"

"గది ఉంటే ఉద్యోగం ఉంది అంటున్నాడు అన్నయ్య," అన్నాడు భర్త ఆమె వైపు తిరిగి.

"విన్నాను," అంది ఆమె.

"విన్నదట అన్నయ్యా."

"వినగానే సరా? ముఖం చూపించి తెచ్చిన జీతంతో ఈ ఇంట్లో పొయ్యి వెలగదని కూడా చెప్పు. దాని మేలు కోరే అంటున్నా."

అధికారి ఆమె మేలు కోరాడు. బావగారూ ఆమె మేలే కోరాడు. ఒకరు వెలుతురు అన్నారు, ఒకరు పరువు అన్నారు. ఇద్దరూ సత్యసంధులే. ఇద్దరి మధ్య నిలబడి ఉన్న మనిషిని నీకేం కావాలని అడగాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

మునిగిపోయేవాడు అందిన కొమ్మ పట్టుకున్నట్టు ఆమె ఒక ఉపాయం పట్టుకుంది. నిబంధన భవనం లోపలికే గాని వీధికి లేదు. మెట్లకు ఇవతల, కాలిబాట మీద ముసుగుతోనే నిలబడి, వచ్చిన స్త్రీలకు కొత్త పద్ధతి వివరించి లోపలికి పంపుతానని అధికారిని బతిమాలుకుంది. "సరే, కొన్నాళ్లు అలా కానివ్వండి. మీరే విసిగి లోపలికి వస్తారు," అని ఆయన నవ్వాడు. వీధిలో ముసుగుతో నిలబడటానికి బావగారికీ అభ్యంతరం కనబడలేదు. ముందు మెట్టు మీద ఒక చట్టం, వెనక వీధి మొదట్లో ఒక ఇల్లు, నడుమ నాలుగు రాళ్లు పరిచిన కాలిబాట. ఆమె బతుకంతా ఆ రాళ్ల మీదికి వచ్చి నిలబడింది.

మొదటి తారీఖున వడ్రంగి వచ్చి మెట్ల కింద గదికి తలుపు ఊడదీశాడు. గడియ తలుపుతో పాటే పోయింది. గదిలో చల్లనీళ్ల యంత్రం పెట్టారు.

వచ్చినవారికి ఆమె సంగతి చెప్పేది. కొందరు మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగిపోయారు. కొందరు నీళ్లలో దూకే ముందు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి, ముసుగు ఎత్తి, తల వంచుకుని మెట్లెక్కారు. చదువుకునే పిల్ల ఒకతె చకచకా విప్పి, మడిచి సంచిలో పెట్టుకుని, ఆమె చెవిలో, "అక్కా, ఎవరైనా తీయమంటే బాగుండునని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నా. ఇప్పుడు ఇంట్లో చెప్పుకోవడానికి వంక దొరికింది," అని గంతులేస్తూ వెళ్లింది. చూపులక్కకు ఆ పిల్లను చూస్తే ముచ్చట వేసింది. ఆ వెనకే వచ్చిన నడివయసు మనిషి మాత్రం కాలిబాట మీదే నిలదీసింది:

"నువ్వు కప్పుకుని నన్ను విప్పమంటావా? ఏం, నీదొక్కటే మొహమా? మాది గోడా?"

ఆ మాట సూటిగా ఆమె నియమం మీదికే వచ్చి తగిలింది. తన ముఖం దాచుకుని ఎదుటివారి ముఖం అడగకూడదని ఇన్నేళ్లు పాటించిన మనిషి, ఇప్పుడు రోజంతా చేస్తున్న పని అదే. కుడిచెయ్యి ఆమెకు శత్రువైంది. ఎవరైనా ముసుగు అంచు పట్టుకోగానే అది పాత అలవాటున లేవబోయేది. లేవబోయినదాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడేది. చూసేవారికి ఆమె చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డట్టు కనిపించేది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక ఉదయం బతికున్నమ్మ వచ్చింది. ఆ ఏటి హాజరుకు అదే ఆఖరి రోజు. కర్ర పొడుచుకుంటూ వచ్చి, కాలిబాట మీద నిలబడి ఉన్న ముసుగును చూసి, కళ్లను బట్టి కాదు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న చేతులను బట్టి గుర్తుపట్టింది.

"ఇక్కడేం చేస్తున్నావే పిల్లా ఎండలో? పద, గదిలోకి పోదాం. కాళ్లు లాగేస్తున్నాయి."

"గది లేదు అమ్మమ్మా. అందులో నీళ్ల యంత్రం పెట్టారు."

"యంత్రానికి గదా? దానికి సిగ్గెక్కువా నాకంటే?"

వరుసలో ఉన్న మగవాళ్లు కొందరు నవ్వారు. చూపులక్క మెల్లగా సంగతంతా చెప్పింది. ముసలమ్మ విని, మెట్లను చూసింది, వరుసను చూసింది, గేటు పక్కన బత్తాయిలు పేర్చుకుంటున్న పళ్ల బండివాణ్ణి చూసింది. మొదటి మెట్టు మీద కూలబడింది.

"వీళ్లందరి ముందా?"

"అవును అమ్మమ్మా."

"తీయకపోతే?"

"లోపలికి వెళ్లనివ్వరు. హాజరు పడదు."

"అంటే పోయినట్టే." ముసలమ్మ కర్రతో రాతి మీద చిన్నగా కొట్టింది. ఈసారి గొంతులో పరిహాసం లేదు. "నా ఈడు మగాళ్లు కూడా లేరిక్కడ, చూస్తారని సిగ్గుపడటానికి. అయినా చెయ్యి రావట్లేదే తల్లీ. మిల్లులో అంతమంది మగాళ్ల మధ్య పని చేశాను, ఎన్నడూ తీయలేదు. నాకు బలవంతపెట్టి కప్పినవాళ్లూ లేరు. నాది నేనే కప్పుకున్నా." కర్రను ఒడిలోకి తీసుకుంది. "సరే. నువ్వు చెప్పు. నువ్వు తీయమంటే తీస్తా. వేరే ఎవడు చెప్పినా తీయను."

చూపులక్క ఆమె ఎదుట కాలిబాట మీద మోకాళ్ల మీద కూర్చుంది. గదిలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నంత దగ్గర. ముసలమ్మ కళ్లు ఆ కళ్లే. ముసలమ్మ వేళ్లు ముసుగు అంచును పట్టుకున్నాయి. చూపులక్క నోరు ఏదో చెప్పబోయింది. ఏం చెప్పబోయిందో ఆ తరువాత ఎంత వెదుక్కున్నా ఆమెకు గుర్తు రాలేదు. గుర్తున్నదల్లా ముఖానికి తగిలిన ఎండ.

కుడిచెయ్యి లేచి ముసుగు ఎత్తేసింది.

వీధి చప్పుడు ఒక్కసారి ఆగినట్టయింది. నిజానికి ఏదీ ఆగలేదు. బండ్లు పోతూనే ఉన్నాయి. వరుసలోని మగవాళ్లు చూశారు. బత్తాయి చేతిలో పట్టుకుని పళ్ల బండివాడు చూశాడు. ముసలమ్మ తన ముసుగు వదిలి, రెండు చేతులూ చాచి, చూపులక్క ముసుగు లాగి కిందికి దించింది.

"పిచ్చిదానా! ఇది వీధే! గది అనుకున్నావా?" అని, ఆ గుడ్డ మీద నుంచే చెంపలు నిమిరింది. నిమురుతూ ఒక క్షణం ఆలోచించింది. ఆ తరువాత తనదాన్ని తానే పైకి ఎత్తి వెనక్కి వేసుకుంది. "నాకోసం నీది పోయింది. ఇంక నాది దాచుకుని ఏం చేసుకోను?" కర్ర ఊతంగా లేచి, వరుస చూస్తూ ఉండగా, ఒక్కో మెట్టే ఎక్కి లోపలికి వెళ్లింది.

అధికారి పై కిటికీలోంచి చూశాడట. పరుగున కిందికి వచ్చాడు.

"చూశారామ్మా! నేను చెప్పలేదూ? మీరు తీస్తే వాళ్లూ తీస్తారని! ఎంత ధైర్యం మీది!"

"సార్, నేను..."

"ఇంకేం చెప్పకండి. రేపట్నుంచి లోపల బల్ల దగ్గరే. మీలాంటివాళ్లు పదిమందికి ఆదర్శం."

అలవాటు అని చెబుదామనుకుంది. ఆయన కళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. అంత పెద్ద సంతోషం ముందు ఆ నిజం మరీ చిన్నదిగా కనబడింది.

ఇంటికి చేరేసరికి సంగతి ఆమెకన్నా ముందే చేరింది. పళ్ల బండివాడిది వాళ్ల వీధే. బావగారు అత్తరు కొట్టు మధ్యాహ్నమే మూసి వచ్చాడు. భర్తను కూడా పిలిపించాడు.

"అడుగు తమ్ముడూ. ఎవరు తీయమన్నారో అడుగు."

"ఎవరు తీయమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"అయితే తనే తీసిందా? అడుగు."

"నువ్వే తీశావా?"

"నేను తీయలేదు. చెయ్యి తీసింది."

భర్త అన్నగారి వైపు తిరిగాడు. "చెయ్యి తీసిందట అన్నయ్యా."

"ఆ చెయ్యి ఎవరిదో కూడా అడుగు మరి."

భర్త అడగలేదు. బావగారు లేచాడు. ఆయన కోపంగా అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇన్నేళ్లు ఒక కప్పు కింద ఉన్నాం. మా తమ్ముడి భార్య ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియకూడదు కనుక తెలుసుకోలేదు. ఇవాళ పళ్ల బండివాడికి తెలుసు." అని, మొదటిసారిగా తమ్ముడి ముఖాన కాకుండా గాలికి చెప్పినట్టు చెప్పాడు: "ఇక గడప దాటనక్కర లేదు."

ఆ సంధ్యా ప్రార్థనలో ఆమె నుదురు చాపకు ఆనించి చాలాసేపు లేవలేదు. చేసే పనికి ప్రాణం సంకల్పమని చిన్ననాడు తండ్రి దగ్గర నేర్చుకుంది. సంకల్పం మంచిదైతే పుణ్యం, చెడ్డదైతే పాపం. మరి సంకల్పమే లేకుండా చెయ్యి చేసిన పనికి ఏ పేరు? ధైర్యమని ఒకాయన అన్నాడు, సిగ్గుమాలినతనమని ఒకాయన అన్నాడు. రెండూ కాదని తెలిసినవాడు పైన ఒక్కడున్నాడు. ఆయన సాక్ష్యం చెప్పడానికి కిందికి రాడు.

మరునాడు అధికారి ఫోను చేశాడు. బల్ల సిద్ధంగా ఉందన్నాడు, కిటికీ పక్కనే అని మళ్లీ గుర్తు చేశాడు. భర్త ఫోను పెట్టేసి, మెట్ల వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి, పెళ్లైన ఇన్నేళ్లకు మొదటిసారి అడిగాడు.

"నువ్వేమంటావు?"

ఆమె తెల్లబోయి చూసింది. వెళ్తానంటే ముఖం అక్కడ పెట్టి రావాలి. వెళ్లనంటే ముఖంతో పాటు మనిషి కూడా ఇక్కడే ఉండిపోవాలి. తెరిచి ఉన్న తలుపులు రెండూ మూసుకున్నాక వచ్చింది ఆ ప్రశ్న.

"నాకు గది కావాలి," అంది.

"ఏ గది?"

"లోపలి నుంచి గడియ పెట్టుకునేది."

భర్త చుట్టూ చూశాడు. "ఇది గదే కదా," అన్నాడు అర్థం కాక. కళ్లద్దాల కొట్టుకు వేళైందని వెళ్లిపోయాడు.

రోజులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గడిచాయి. మేడ మీది కిటికీకి ఎవరూ రంగు పూయలేదు. అయినా బావగారి అంగడి అటువైపే గనుక అది మూసే ఉండేది. ఆమె బియ్యం ఏరేది, బట్టలు మడిచేది, ప్రార్థన చేసేది. ఒక్కోసారి కుడిచేతిని ఒడిలో పెట్టుకుని, అది తనది కానట్టు చూసేది.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించింది. ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ, మెట్లను తిట్టుకుంటూ బతికున్నమ్మ పైకి వచ్చింది. కింద తోటికోడలు ఆపబోతే, "ఆడదాన్నే తల్లీ, చూసుకో కావాలంటే," అని దబాయించి వచ్చిందట. గదిలోకి రాగానే వెనక్కి తిరిగి, తలుపు వేసి, గడియ పెట్టింది.

"ఆ ఆఫీసులో నా హాజరు వేశారే పిల్లా. ఫోటో కూడా తీశారు. కానీ నాకేమీ నమ్మకం కుదరట్లేదు. నువ్వు చూసి చెబితే గాని ఉన్నట్టు అనిపించట్లేదు."

చూపులక్క ఒక పీట ముసలమ్మకు వేసి, తాను ఎదురుగా కూర్చుంది. ముసలమ్మ వేళ్లు ముసుగు అంచు పట్టుకున్నాయి. అంతకు ముందే చూపులక్క కుడిచెయ్యి లేచింది. ఇంట్లో ఉన్నది గనుక ముఖం మీద ఏమీ లేదు. వేళ్లు ఖాళీ గాలిని పట్టుకుని పైకి ఎత్తాయి.

ముసలమ్మ అది చూసింది. నవ్వలేదు. తనది ఎత్తుకుంది.

"ఉన్నానా?"

"ఉన్నారు అమ్మమ్మా."

"మరి నువ్వు?"

చూపులక్క నోరు తెరిచింది. అంతలో మెట్ల మీద బరువైన అడుగులు పైకి వచ్చి తలుపు దగ్గర ఆగాయి. తలుపు దడదడలాడింది.

"తమ్ముడూ! లోపల ఎవరున్నారో అడుగు. ఈ ఇంట్లో పగటిపూట గడియ ఎందుకు పడిందో అడుగు!"

తమ్ముడు కొట్లో ఉన్నాడు. అడగడానికీ, జవాబు చెప్పడానికీ మధ్యన మనిషి లేడు. చూపులక్క దండెం మీది నల్లని వస్త్రం లాక్కుంది. ముసలమ్మ చెయ్యి తన నుదుటి మీది ముసుగు అంచుకు పోయింది. ఇన్నేళ్లుగా ఎత్తడంలో ఎవరు ముందో ఇద్దరికీ తెలుసు. ఆనాడు దించుకోవడంలో ఎవరు ముందో ఇద్దరికీ తెలియలేదు.